గిట్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఎవరి మార్పూ పోకుండా కలిపే పద్ధతి

"కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, యాక్సెప్ట్ కరెంట్ నొక్కాలా, యాక్సెప్ట్ ఇన్‌కమింగ్ నొక్కాలా?" ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా వస్తుంది, అదీ ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాక, రిలీజ్ పెట్టుకున్న రోజున. గిట్ అంటే కోడ్‌లోని మార్పుల చరిత్రను దాచి, చాలామంది పనిని ఒకచోట కలిపే టూల్. ఇద్దరు ఒకే చోట వేర్వేరుగా మార్చి, ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేకపోతే వచ్చేదే కాన్‌ఫ్లిక్ట్. మెర్జ్‌లో కరెంట్ అంటే మీ వైపు ముక్క, ఇన్‌కమింగ్ అంటే అవతలి నుంచి వచ్చే ముక్క. స్క్రీన్‌షాట్‌లో ఆ రెండు ముక్కలు పంపి ఏది ఉంచాలో చెప్పమంటారు. ఆ రెండు ముక్కలు మాత్రమే చూసి ఎవరూ చెప్పలేరు. మూడో ముక్క కూడా కావాలి, అంటే ఇద్దరూ చెయ్యి పెట్టకముందు ఆ లైను ఎలా ఉండేదో తెలియాలి. దాన్ని తెర మీదకు ఎలా తెచ్చుకోవాలి, దాన్ని బట్టి ఎలా తేల్చాలి, తేల్చాక ఏం సరిచూసుకోవాలి అన్నది వరుసగా రాస్తున్నాను.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

## 1. మెర్జ్ మొదలుపెట్టకముందు

కమిట్ అంటే మార్పులను గిట్ చరిత్రలో భద్రపరచడం, బ్రాంచ్ అంటే విడిగా సాగే పని వరుస, మెర్జ్ అంటే రెండు బ్రాంచ్‌లను కలపడం, పుల్ అంటే అవతలి మార్పులను తెచ్చి మన పనిలో కలపడం. సగం ఇబ్బందులు ఇక్కడే పుడతాయి. చేతిలో సగం రాసిన కోడ్ పెట్టుకుని, కమిట్ చేయకుండా, `గిట్ పుల్` కొట్టేస్తారు. కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, కంగారులో `గిట్ మెర్జ్ --అబార్ట్` కొడతారు. అబార్ట్ అంటే అంతా ముందున్నట్టే వచ్చేస్తుందని అనుకుంటాం కానీ, మెర్జ్‌కు ముందు కమిట్ కాని మార్పులు ఉంటే వాటిని పూర్తిగా వెనక్కి తెస్తానని గిట్ హామీ ఇవ్వదు. కమిట్ అయిన పని దాదాపు ఎప్పుడైనా దొరుకుతుంది. కమిట్ కాని పని పోయిందంటే పోయినట్టే.

మెర్జ్‌కు ముందు ఇవి చూసుకోండి:

- `గిట్ స్టేటస్` కొడితే మారిన ఫైళ్లేవీ కనపడకూడదు. ఉంటే కమిట్ చేయండి, పని మధ్యలో ఉన్నా సరే. తర్వాత సర్దుకోవచ్చు.
- `గిట్ పుల్` బదులు ముందు `గిట్ ఫెచ్` కొట్టండి. ఫెచ్ మీ ఫైళ్లను ముట్టుకోదు, అవతల ఏం జరిగిందో తెచ్చి చూపిస్తుంది, అంతే.
- గిట్ 2.38 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉంటే `గిట్ మెర్జ్-ట్రీ హెడ్ ఆరిజిన్/మెయిన్` కొట్టి చూడండి. మెర్జ్ చేయకుండానే ఏ ఫైళ్లలో గొడవ రాబోతోందో చెప్పేస్తుంది. (హెడ్ అంటే మీరిప్పుడున్న కమిట్, ఆరిజిన్/మెయిన్ అంటే ఫెచ్ చేసి తెచ్చిన ప్రధాన బ్రాంచ్.)
- పెద్ద మెర్జ్ అయితే ఒక గంట చేతిలో ఉంచుకుని కూర్చోండి. మీటింగ్‌కు పది నిమిషాల ముందు మొదలుపెట్టొద్దు.

ఈ రెండు సెట్టింగులు మాత్రం ఒక్కసారి పెట్టుకుంటే చాలు, ఇకపై ప్రతి మెర్జ్‌లోనూ పనికొస్తాయి.

`గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ జెడ్‌డిఫ్3`

నేను చెప్పిన మూడో ముక్కను చూపించేది ఇదే. గిట్ 2.35 నుంచి ఉంది. పాత వెర్షన్‌లో `డిఫ్3` అని పెట్టండి, అదీ పని చేస్తుంది.

`గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ రీరెరె.ఎనేబుల్డ్ ట్రూ`

రీరెరె అంటే ఆర్, ఈ అన్న రెండక్షరాలు మూడుసార్లు. మీరు ఒక కాన్‌ఫ్లిక్ట్‌ను ఎలా తేల్చారో గిట్ గుర్తుంచుకుని, అదే మళ్లీ ఎదురైతే అదే జవాబు తనే పెట్టేస్తుంది. ఎక్కువ రోజులు నడిచే బ్రాంచ్‌ను మళ్లీ మళ్లీ రీబేస్ (మన కమిట్‌లను తీసి వేరే బ్రాంచ్ చివర మళ్లీ పేర్చడం) చేసేవాళ్లకు ఇది లేకపోతే చాలా కష్టం.

## 2. కాన్‌ఫ్లిక్ట్ ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు

గిట్ మూడు వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూస్తుంది: రెండు బ్రాంచ్‌లు విడిపోయిన చోటి పాత ఫైలు, మీ ఫైలు, అవతలివాళ్ల ఫైలు. పాతదానితో పోలిస్తే ఒక లైనును ఒక్కరే మార్చి ఉంటే ఆ మార్పును అడక్కుండా తీసుకుంటుంది. ఇద్దరూ ఒకే చోట, లేదా పక్కపక్క లైన్లలో వేర్వేరుగా మార్చి ఉంటే మాత్రం మిమ్మల్ని అడుగుతుంది.

గిట్ చూసేది లైన్లను, అర్థాన్ని చూడదు. ఈ మాట 9వ అంకెలో మళ్లీ వస్తుంది.

## 3. ఏ ఫైలుతో మొదలుపెట్టాలి

`గిట్ మెర్జ్ ఆరిజిన్/మెయిన్` కొట్టారు, ఏడు ఫైళ్లలో కాన్‌ఫ్లిక్ట్ అంది. ఎడిటర్ చూపించిన వరుసలో పోకండి. ముందు `గిట్ స్టేటస్` కొట్టి జాబితా మొత్తం ఒకసారి చదవండి. నేను పాటించే వరుస ఇది:

1. ముందు, ఒకవైపు తీసేసి ఇంకోవైపు మార్చిన ఫైళ్లు, పేరు మారిన ఫైళ్లు. ఇవి తేలకపోతే మిగతా కోడ్ ఎక్కడ ఉండాలో తెలియదు.
2. తర్వాత అసలు కోడ్.
3. ఆ తర్వాత టెస్టులు. కోడ్ తేలాక టెస్టు ఏం చెప్పాలో దానంతట అదే తెలుస్తుంది.
4. చివరగా లాక్ ఫైళ్లు (వాడే ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచేవి), టూల్స్ తయారు చేసే ఫైళ్లు. వీటిని చేత్తో దిద్దకూడదు (7వ అంకె చూడండి).

ఒక్కో ఫైలు తేలగానే `గిట్ యాడ్` చేసుకుంటూ పోండి, ఆ ఫైలు తేలిందని గిట్‌కు చెప్పడమే అది. స్టేటస్‌లో ఇంకా ఎన్ని మిగిలాయో కనపడుతుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

## 4. ఒక కాన్‌ఫ్లిక్ట్‌ను దగ్గరగా చూద్దాం

డెలివరీ ఛార్జీ లెక్కించే ఒక లైను తీసుకుందాం. పైన చెప్పిన సెట్టింగ్ పెట్టుకోకపోతే మీకు కనపడేది ఇంతే:

```
<<<<<<< హెడ్
ఛార్జీ = 40
=======
ఛార్జీ = 30 + పన్ను
>>>>>>> బిల్లింగ్-మార్పు
```

ఇది చూస్తే ఏమనిపిస్తుంది? 40 కొత్తదా, 30 కొత్తదా? పన్ను ఎవరో తీసేశారా, ఎవరో కలిపారా? ఏమీ తెలియదు. ఇలాంటప్పుడే ఏదో ఒక బటన్ నొక్కేస్తాం. సెట్టింగ్ పెట్టుకుంటే ఇలా కనపడుతుంది:

```
<<<<<<< హెడ్
ఛార్జీ = 40
||||||| పాతది
ఛార్జీ = 30
=======
ఛార్జీ = 30 + పన్ను
>>>>>>> బిల్లింగ్-మార్పు
```

నిలువు గీతల కింద ఉన్నదే మూడో ముక్క. (గిట్ ఆ గీతల పక్కన కమిట్ నంబర్ చూపిస్తుంది, ఇక్కడ చదవడానికి వీలుగా "పాతది" అని రాశాను.) ఇప్పుడు పై నుంచి కిందికి కాకుండా, మధ్యలోంచి రెండు వైపులకూ చదవండి. మధ్య నుంచి పైకి: 30 కాస్తా 40 అయింది, అంటే మీ వైపు రేటు పెంచారు. మధ్య నుంచి కిందికి: 30 అలాగే ఉంది, పన్ను వచ్చి చేరింది, అంటే అవతల పన్ను కలిపారు. రెండూ కావాల్సినవే. జవాబు `ఛార్జీ = 40 + పన్ను`. ఆ రెండు బటన్లలో ఏది నొక్కినా ఈ జవాబు రాదు. రెండింటినీ ఉంచే యాక్సెప్ట్ బోత్ నొక్కితే రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి పడి, కింది లైనే చెల్లుతుంది, రేటు పెంపు మాయమవుతుంది, ఎర్రర్ కూడా రాదు.

ప్రతి కాన్‌ఫ్లిక్ట్ దగ్గరా మనసులో రెండు వాక్యాలు అనుకోండి: "మేం ఫలానాది మార్చాం, వాళ్లు ఫలానాది మార్చారు." ఈ రెండు వాక్యాలూ చెప్పలేకపోతే ఆ లైనును తేల్చే స్థితిలో మీరింకా లేరు.

సెట్టింగ్ పెట్టుకోకుండానే మెర్జ్ మొదలుపెట్టేశారా? పర్వాలేదు. `గిట్ చెకౌట్ --కాన్‌ఫ్లిక్ట్=డిఫ్3 ఫైలుపేరు` కొడితే ఆ ఫైలు మూడు ముక్కలతో మళ్లీ తయారవుతుంది. అందులో అప్పటిదాకా చేత్తో దిద్దింది మాత్రం పోతుంది.

## 5. ఆ రెండు వాక్యాలు చెప్పలేకపోతే

మెర్జ్ మధ్యలో ఉండగా `గిట్ లాగ్ --మెర్జ్ -పి ఫైలుపేరు` కొట్టండి. ఆ ఫైలును రెండు వైపుల నుంచీ ముట్టుకున్న కమిట్‌లు మాత్రమే వస్తాయి, మెసేజ్‌తో, మార్పుతో సహా. చాలాసార్లు కమిట్ మెసేజ్‌లోనే జవాబు ఉంటుంది.

అప్పటికీ అర్థం కాకపోతే రాసినవాళ్లకు ఫోన్ చేయండి. చాట్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి ఎదురుచూడటం కంటే రెండు నిమిషాలు మాట్లాడటం మేలు. "అన్నా, ఆ లైన్‌లో నువ్వు నల్ చెక్ తీసేశావు, కావాలనే తీశావా?" అని అడగడానికి మొహమాటపడే జూనియర్లను చాలామందిని చూశాను. అడిగితే ఏమీ రాదనుకుంటారేమోనని భయం. అడక్కుండా ఊహించి కలిపితే పోయేది ఇంకొకరి పని కాబట్టి, అడగడమే మర్యాద.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శుక్రవారం సాయంత్రం అడ్రస్ ఫారం ఫైలులో పది పన్నెండు కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తే, మొత్తం ఫైలుకు ఇన్‌కమింగ్ నొక్కేశాను. తోటి ఉద్యోగి రెండు రోజులు కష్టపడి దిద్దిన పిన్‌కోడ్ చెకింగ్ అందులో కొట్టుకుపోయింది. సోమవారం దాకా ఎవరికీ తెలియలేదు. తను ఒక్క మాట అనలేదు కానీ, మళ్లీ కూర్చుని అదే కోడ్ రాస్తుంటే పక్కన కూర్చున్న నాకు చాలా బాధేసింది. అప్పటినుంచీ మొత్తం ఫైలుకు ఒకే బటన్ నొక్కడం మానేశాను.

## 6. అవర్స్, థీర్స్: ఒకే మాట, మూడు అర్థాలు

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే.

`గిట్ చెకౌట్ --అవర్స్ ఫైలుపేరు` అంటే కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన ముక్కలకే మన వెర్షన్ వస్తుందనుకుంటారు. కాదు, మొత్తం ఫైలే మన వెర్షన్ అయిపోతుంది, అవతలి నుంచి గొడవ లేకుండా కలిసిన మంచి మార్పులు కూడా పోతాయి.

`గిట్ మెర్జ్ -ఎక్స్ అవర్స్` వేరు. ఇది గొడవ వచ్చిన ముక్కల్లో మాత్రమే మనది తీసుకుంటుంది, మిగతావి మామూలుగా కలుపుతుంది.

`గిట్ మెర్జ్ -ఎస్ అవర్స్` ఇంకా వేరు. అవతలి బ్రాంచ్‌లోని మార్పులన్నీ పక్కన పడేసి, మెర్జ్ అయిపోయిందని మాత్రం రాసేస్తుంది. కావాలని వాడితే తప్ప దీని జోలికి పోవద్దు.

దీనికి తోడు రీబేస్‌లో అర్థం తిరగబడుతుంది. `గిట్ రీబేస్ మెయిన్` కొడితే గిట్ ముందు మెయిన్ మీదకు వెళ్లి నిలబడి, మీ కమిట్‌లను ఒక్కొక్కటిగా తెచ్చి అక్కడ పెడుతుంది. కాబట్టి నిలబడిన చోటు "అవర్స్", అంటే మెయిన్. తెచ్చి పెడుతున్న మీ కోడ్ "థీర్స్". రీబేస్‌లో మీ కోడ్ ఉంచుకోవాలని అవర్స్ అంటే మీ కోడే పోతుంది.

`గిట్ స్టాష్ పాప్` (స్టాష్‌తో పక్కన దాచుకున్న మార్పులను తిరిగి తెచ్చుకోవడం) చేసినప్పుడు వచ్చే కాన్‌ఫ్లిక్ట్‌లో "అప్‌డేటెడ్ అప్‌స్ట్రీమ్" అంటే ఇప్పుడు బ్రాంచ్‌లో ఉన్నది, "స్టాష్డ్ చేంజెస్" అంటే మీరు దాచుకున్నది. పాప్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఆ స్టాష్ చెరిగిపోదు, భద్రంగానే ఉంటుంది. తేల్చుకున్నాక `గిట్ స్టాష్ డ్రాప్` మీరే కొట్టాలి.

## 7. చేత్తో కలపకూడని ఫైళ్లు

లాక్ ఫైళ్లు. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే టూల్) వాడేవాళ్లకు ప్యాకేజ్-లాక్ ఫైలులో వందల లైన్ల కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ముందు ప్యాకేజ్.జేసన్‌ను చేత్తో తేల్చండి. తర్వాత `ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ --ప్యాకేజ్-లాక్-ఓన్లీ` కొడితే లాక్ ఫైలులోని గొడవను ఎన్‌పీఎం తనే సర్దుతుంది. యాడ్ చేసి ముందుకు పోవచ్చు.

ఎక్సెల్, ఫొటోషాప్ ఫైళ్లు, బొమ్మలు. వీటిని గిట్ కలపలేదు. "కెనాట్ మెర్జ్ బైనరీ ఫైల్స్" అని చెప్పి మీ వెర్షన్‌ను అలాగే ఉంచుతుంది. రెండూ చూడాలంటే `గిట్ షో :2:ఫైలుపేరు > మాది`, `గిట్ షో :3:ఫైలుపేరు > వాళ్లది` అని రెండు కాపీలు బయటికి తీసి పక్కపక్కన తెరవండి. 1 అంటే పాతది, 2 మనది, 3 వాళ్లది. విండోస్‌లో అయితే ఇది గిట్ బ్యాష్‌లో చేయండి. పాత పవర్‌షెల్‌లో ఆ బాణం గుర్తు వాడితే బైనరీ ఫైలు పాడవుతుంది.

ఇలాంటి ఫైళ్ల మీద ఇద్దరు పని చేసే టీమ్‌లో తాళం పద్ధతి ఒక్కటే దారి. పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు చేర్చుకునే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో `గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ లాక్ ఫైలుపేరు` ఉంది. గిట్ బదులు సబ్‌వర్షన్ అనే టూల్ వాడేచోట ఆ ఫైలుకు `నీడ్స్-లాక్` ప్రాపర్టీ పెడితే, తాళం తీసుకునేదాకా అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది.

జూపిటర్ నోట్‌బుక్‌లు, అంటే కోడూ దాని ఫలితాలూ ఒకే ఫైలులో ఉండేవి. అవుట్‌పుట్ చెరిపేసి కమిట్ చేయడం అలవాటు చేసుకుంటే సగం గొడవ ఉండదు. మిగతా సగానికి ఎన్‌బీడైమ్ అనే టూల్ ఉంది.

ఒకవైపు తీసేసిన ఫైలు. స్టేటస్‌లో "డిలీటెడ్ బై అస్" అనో "డిలీటెడ్ బై దెమ్" అనో వస్తుంది. వెంటనే తీసేయకండి. అవతల చేసిన మార్పు చూడండి, ఆ కోడ్ వేరే ఫైలులోకి వెళ్లి ఉంటే ఈ మార్పును అక్కడ చేత్తో పెట్టి, అప్పుడు `గిట్ ఆర్‌ఎం` కొట్టండి. ఫైలు ఉంచాలంటే `గిట్ యాడ్`.

## 8. తెలుగు టెక్స్ట్ ఉన్న ఫైళ్లు

యాప్‌ను తెలుగులోకి తెచ్చేవాళ్లు, తెలుగు వ్యాసాలనో పాఠాలనో గిట్‌లో పెట్టుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది: "రెండు లైన్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, అయినా కాన్‌ఫ్లిక్ట్ ఎందుకు?"

కనపడనిదేదో ఉంది కాబట్టి. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే పొల్లు తర్వాత ఒక కనపడని అక్షరం పెడతాం, యూనికోడ్‌లో 200సి, అది లేకపోతే ట కింద వ వత్తు పడిపోతుంది. మాట మధ్యలో అయితే తేడా కంటికి తెలుస్తుంది. "అకౌంట్" లాంటి మాట చివర్లో ఒకరి కీబోర్డు దాన్ని పెట్టి, ఇంకొకరిది పెట్టకపోతే తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, గిట్‌కు మాత్రం వేరు. హెక్స్ వ్యూయర్‌లో తెరిచి చూస్తే ఒకదాంట్లో ఈ2, 80, 8సి అన్న మూడు బైట్లు అదనంగా ఉంటాయి. ఐత్వం గుర్తును కూడా ఒకే కోడ్‌తో రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. కళ్లకు ఒకటే. టీమ్‌లో అందరూ ఒకే పద్ధతి అనుకుని, కమిట్‌కు ముందు ఒక చిన్న స్క్రిప్టుతో సరిచేసుకుంటే ఈ బెడద పోతుంది.

రెండోది, పేరా మొత్తం ఒకే లైనులో ఉంచొద్దు. గిట్‌కు ఒక లైను ఒక యూనిట్ కాబట్టి, మీరు పేరా మొదట్లో ఒక మాట, నేను చివర్లో ఒక మాట దిద్దినా పేరా అంతా గొడవే. వాక్యానికో లైను చొప్పున రాయండి. ఇప్పటికే పొడవుగా ఉన్నవాటికి `గిట్ డిఫ్ --వర్డ్-డిఫ్` వాడితే మారిన మాటలు మాత్రమే కనపడతాయి.

ఫైలు పేరే తెలుగులో ఉంటే స్టేటస్‌లో \340\260 అంటూ అంకెలు వస్తాయి. `గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్` పెడితే పేరు తెలుగులోనే కనపడుతుంది.

## 9. కమిట్ కొట్టే ముందు

కాన్‌ఫ్లిక్ట్‌లన్నీ తీరాయని గిట్ అన్నంత మాత్రాన పని అయిపోలేదు. మీరు ఒక ఫంక్షన్ పేరు మార్చారు, అవతలివాళ్లు అదే ఫంక్షన్‌ను పాత పేరుతో కొత్త ఫైలులో వాడారు. రెండూ వేర్వేరు ఫైళ్లు, గిట్‌కు ఏ గొడవా కనపడదు, చక్కగా కలిపేస్తుంది, ప్రోగ్రాం మాత్రం ఆగిపోతుంది. వీటిని పట్టుకునేది బిల్డ్, టెస్టులే.

- `గిట్ డిఫ్ --చెక్`, ఆ తర్వాత `గిట్ డిఫ్ --క్యాష్డ్ --చెక్`. మర్చిపోయిన కాన్‌ఫ్లిక్ట్ బాణం గుర్తులుంటే చూపిస్తాయి.
- బిల్డ్, టెస్టులు నడపండి. మెర్జ్‌కు ముందు పాసైనవన్నీ ఇప్పుడూ పాస్ కావాలి.
- మార్చిన ఫంక్షన్ల పాత పేర్లు ప్రాజెక్టులో ఇంకెక్కడైనా ఉన్నాయేమో `గిట్ గ్రెప్`తో వెతకండి.
- మెర్జ్ కమిట్‌లో కొత్త ఫీచర్ ఏదీ కలపకండి. కలిపితే తర్వాత ఎవరికీ దొరకదు.
- కమిట్ అయ్యాక `గిట్ షో --రీమెర్జ్-డిఫ్` కొట్టండి (2.35 నుంచి ఉంది). గిట్ ఎక్కడ ఆగింది, అక్కడ మీరు చేత్తో ఏం పెట్టారు అన్నది మాత్రమే చూపిస్తుంది. రివ్యూ చేసేవాళ్లకు కూడా ఇదే చూపించండి.

## 10. తప్పు జరిగిపోయిందా

మధ్యలో అయోమయం అయిపోయింది. `గిట్ మెర్జ్ --అబార్ట్`, రీబేస్ అయితే `గిట్ రీబేస్ --అబార్ట్`. టీ తాగి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఒక్క ఫైలే తప్పుగా తేల్చి యాడ్ కూడా చేసేశారు. ఇంకా కమిట్ చేయకపోతే `గిట్ చెకౌట్ -ఎం ఫైలుపేరు` ఆ ఫైలు కాన్‌ఫ్లిక్ట్‌ను మళ్లీ తెచ్చి పెడుతుంది. రీరెరె ఆన్‌లో ఉండి, తప్పు జవాబుతోనే కమిట్ చేసేస్తే దాన్ని కూడా గుర్తుంచుకుంటుంది. మళ్లీ అదే మెర్జ్ చేసినప్పుడు, ఆ కాన్‌ఫ్లిక్ట్ మధ్యలో ఉండగానే `గిట్ రీరెరె ఫర్గెట్ ఫైలుపేరు` కొట్టి చెరిపేయాలి.

కమిట్ చేశారు, పుష్ చేయలేదు (సర్వర్‌కు పంపలేదు). `గిట్ రీసెట్ --మెర్జ్ ఒరిజ్-హెడ్` (మధ్యలో ఉండేది కింది గీత) మెర్జ్‌కు ముందటి స్థితికి తెస్తుంది. మధ్యలో ఇంకేమైనా చేసి ఉంటే `గిట్ రీఫ్లాగ్`లో (హెడ్ ఎక్కడెక్కడ తిరిగిందో రాసే జాబితా) సరైన చోటు వెతుక్కోండి.

పుష్ కూడా అయిపోయింది. చరిత్ర చెరపకండి, మిగతావాళ్లు ఇప్పటికే పుల్ చేసి ఉంటారు. `గిట్ రివర్ట్ -ఎం 1 కమిట్‌నంబర్` వాడండి. ఒక్క జాగ్రత్త: ఇలా వెనక్కి తీసుకున్న బ్రాంచ్‌ను తర్వాత మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు రావు, అవి కలిసిపోయాయనే గిట్ అనుకుంటుంది. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేసి, అప్పుడు మెర్జ్ చేయాలి.

రీబేస్ తర్వాత పుష్ ఒప్పుకోవడం లేదు. ఉత్త `--ఫోర్స్` కొట్టొద్దు, `--ఫోర్స్-విత్-లీజ్` కొట్టండి. మీరు చివరిసారి ఫెచ్ చేశాక ఇంకెవరైనా అదే బ్రాంచ్‌లోకి కమిట్ పంపి ఉంటే ఇది ఆగిపోతుంది, వాళ్ల పని నిలబడుతుంది.

ఫైలులోని ప్రతి లైనూ కాన్‌ఫ్లిక్టే. ఒకరు విండోస్, ఒకరు లినక్స్ వాడుతున్నారేమో చూడండి, లైను చివరి గుర్తుల తేడా అయ్యుంటుంది. రిపోలో `.గిట్‌అట్రిబ్యూట్స్` ఫైలు పెట్టి `* టెక్స్ట్=ఆటో` అని రాయండి, ఆపైన `గిట్ యాడ్ --రీనార్మలైజ్ .` చేసి ఆ మార్పును విడిగా ఒకే కమిట్‌గా పంపండి. అలా పంపేముందు టీమ్ గ్రూపులో ఒక మాట చెప్పండి, చేతిలో పని ఉన్నవాళ్లు ముందే పుష్ చేసుకుంటారు.